మెచ్చుకోలుకు రిజిస్టరు లేదు

మా బ్యాంకు బ్రాంచిలో క్యాష్ కౌంటరు పక్కన గోడకు ఒక మేకు ఉంది. మేకుకు పురికొస, పురికొసకు ఒక లావుపాటి పుస్తకం. ఫిర్యాదుల పుస్తకం. పుటపుటకూ నంబరు, ఒక్కో నంబరుకు నకళ్ళు, చింపుకోవడానికి వీలుగా సన్నని చిల్లుల గీత. ఒక నకలు రాసినవారికి, ఒకటి పై ఆఫీసుకు, ఒకటి మాకు. ఇన్నేళ్ళుగా దాని పక్కనుంచే టీకి వెళ్ళివస్తున్నా దాని గురించి నేనెప్పుడూ ఆలోచించలేదు. పోయిన నవంబరులో ఆలోచించాల్సి వచ్చింది. నవంబరంటే మాకు పెన్షనుదారుల నెల. బతికే ఉన్నామని వేలిముద్ర వేసి చెప్పుకోవడానికి వస్తారు. ఒకప్పుడు కోలారు బంగారు గనుల్లో, ఛాంపియన్ రీఫ్‌లో దిగిన ఒక పెద్దాయన మా క్యాసంబళ్ళి వైపు నుంచి ఆటోలో వచ్చాడు. మెట్లు ఎక్కలేడు. మా కౌంటరు అమ్మాయి వేలిముద్రల మిషను పట్టుకుని ఆటో దగ్గరికే వెళ్ళింది. బొటనవేలు పడలేదు, చూపుడువేలు పడలేదు. రాయితో అరిగిన చేతుల మీద గీతలు ఎక్కడ మిగులుతాయి? తడిగుడ్డతో తుడిచి, ఆరబెట్టి, ఒక్కో వేలూ వరసగా పెట్టిస్తే చివరికి ఎడమచేతి ఉంగరపు వేలు పడింది. పెద్దాయన కొడుకుని లోపలికి పంపి ఆ వేలాడే పుస్తకం తెమ్మన్నాడు. ఆ పిల్ల గురించి నాలుగు మంచి మాటలు రాయాలట. పిల్ల మొహం పాలిపోయింది. "వద్దు తాతా, దాంట్లో ఏం రాసినా కంప్లైంటే. పైకి జవాబు రాసుకోవాల్సొస్తుంది!"

ఆమె చెప్పింది నిజమే. ఆ పుస్తకానికి తిట్టడం ఒక్కటే తెలుసు. నంబరు పడితే ఆ నంబరుకు విచారణ, విచారణకు జవాబు, జవాబుకు ముగింపు. పొగడ్త వస్తే ఏం చెయ్యాలో దానికి తెలియదు. నా కంటికి అప్పటినుంచీ ఇదే కనబడుతోంది. మెమో ఉంది, సంజాయిషీ నోటీసు ఉంది, హెచ్చరిక ఉంది, ఇంక్రిమెంటు కోత ఉంది. ఒక ఉద్యోగి తప్పు చేశాడని చెప్పడానికి ఎన్ని రకాల కాగితాలున్నాయో! బాగా చేశాడని చెప్పడానికి పదవీ విరమణ నాడు కప్పే ఒక శాలువా, ఒక పూలదండ, అదీ అందరికీ ఒకే కొలత. మరి మనకు కృతజ్ఞత రాయడం చేతకాదా అంటే, చిన్నప్పుడే నేర్చుకున్నాం. సెలవు చీటీ కింద కుడివైపుకో ఎడమవైపుకో 'థ్యాంకింగ్ యూ' అని రాయకపోతే మా ఇంగ్లీషు అయ్యవారు అర మార్కు తీసేసేవారు. ఇప్పటికీ మా బ్రాంచికి వచ్చే ప్రతి అర్జీ అలాగే ముగుస్తుంది. పని ఇంకా కానేలేదు, అవుతుందో లేదో తెలియదు, కృతజ్ఞత మాత్రం ముందే చెల్లించేశారు. పని అయ్యాక రెండో కాగితం రాయడం మాకు ఏ క్లాసులోనూ ఎవరూ నేర్పలేదు. అడ్వాన్సు ఇచ్చేశాం కదా, ఇక బాకీ ఏముందని కాబోలు.

మా పెద్దనాయన కూడా ఆ గనుల్లోనే వైండింగ్ ఇంజను డ్రైవరుగా చేశాడు. గనిలోకి దిగే కేజిని తాడు మీద దించి, ఎత్తే మనిషి. షాఫ్టు కింద ఏం జరుగుతోందో ఆయనకు కనబడదు. ఎదురుగా పెద్ద చక్రం, పక్కన లోతు చూపించే ముల్లు, చెవిలో గంట. ఎన్ని గంటలు కొడితే రాయి, ఎన్ని కొడితే మనుషులు అన్నది కట్టుదిట్టమైన లెక్క. మనుషుల గంట వినబడితే చెయ్యి దానంతటదే మెత్తబడుతుందని చెప్పేవాడు. ఆ గదిలో కూడా ఒక పుస్తకం ఉండేదట, షిఫ్టు పుస్తకం. తాడు జారితే రాయాలి, బ్రేకు ఆలస్యంగా పడితే రాయాలి, కేజి ఆగిపోతే ఎన్ని నిమిషాలు ఆగిందో రాయాలి. ఏమీ జరక్కపోతే సంతకం పెట్టి లేచిపోవడమే. "నా సర్వీసంతా ఖాళీ కాగితాలేరా" అనేవాడు నవ్వుతూ. చిన్నప్పుడు ఆ మాట నాకు అర్థం కాలేదు. ఏమీ సాధించలేదని బాధపడుతున్నాడేమో అనుకున్నాను. ఆ ఖాళీ కాగితాలకోసమే ఆయన రోజూ ఎనిమిది గంటలు కళ్ళార్పకుండా కూర్చున్నాడని తెలియడానికి నాకూ ఒక ఉద్యోగం కావలసి వచ్చింది. బాగా చేసిన పనికి ఉన్న చిక్కే ఇది. అది ఆనవాలు మిగల్చదు. కరెంటు పోలేదు, లెక్క తేడా రాలేదు, కేజి జారలేదు. జరగనిదానికి సాక్ష్యం ఎవరు చెప్పాలి? పక్కన ఉండి చూసినవాడు చెప్పాలి. లేకపోతే ఆ పని ఎవరూ చెయ్యనట్టే లెక్క.

మా వైపు ఒకప్పుడు ఈ సంగతి తెలిసినవాళ్ళు ఉన్నారు. కోలారు జిల్లాలో ఏ చెరువు గట్టు ఎక్కినా, ఏ పాత గుడి వెనక్కి వెళ్ళినా ఒక వీరగల్లు తగులుతుంది. మోకాలెత్తు బండ, దానిమీద విల్లో కత్తో పట్టుకున్న ఒక మనిషి, ఒక మూలన చిన్నవిగా ఆవులు, కొన్నిటికి పైన నాలుగైదు వరసల అక్షరాలు. గంగులు, బాణులు, నొళంబుల కాలం నాటివి ఎన్నో. బి.ఎల్. రైస్ 1905లో అచ్చువేసిన కోలారు జిల్లా శాసనాల సంపుటం తిరగేస్తూ ఉంటే నాకు రాజుల బిరుదులు విసుగనిపించాయి గానీ, ఈ బండల మీది రాతలు మాత్రం కదలనివ్వలేదు. వాటికి ఒక పద్ధతి ఉంది. ఫలానా రాజు ఏలుబడిలో, ఫలానా ఊరి పశువులను తోలుకుపోతుంటే, ఫలానావాడి కొడుకు ఫలానావాడు అడ్డంపడి, పశువులను మళ్ళించి చనిపోయాడు, అతనికి ఇంత మడి ఇచ్చాము. అంతే. అతను సింహంలాంటివాడనీ, సూర్యుడనీ లేదు (ఒకవేళ ఉన్నా ఆ ఉపమానాలు రాజుగారి వాటా). ఎవరు, ఎక్కడ, ఏ పని, బదులుగా ఏమిచ్చారు. చెరువు కట్టినవాడికి, తెగిన గట్టు బాగుచేసినవాడికి ఇచ్చిన కొడగె భూముల శాసనాలూ అలాంటివే. నన్నడిగితే మా జిల్లాలో అన్నిటికంటే బాగా రాసిన థ్యాంక్స్ లెటర్లు ఇవే. వెయ్యేళ్ళ తర్వాత కూడా ఆ మనిషి ఏం చేశాడో తెలుస్తోంది. నా కంప్యూటరులో ప్రతి మెయిలు కిందా అది తనంతట తానే రాసిపెట్టే 'థ్యాంక్స్ ఎ లాట్' ఒక్కదాన్ని నొక్కి పంపితే, అందుకున్నవాడికి తను ఏం చేశాడో రేపటికే గుర్తుండదు. అయితే ఇక్కడ ఒక ముల్లు కూడా ఉంది, దాచడం ఎందుకు? ఆ వీరులందరూ చచ్చాకే వాళ్ళ పేరు రాశారు. బతికి పశువులను మళ్ళించుకొచ్చినవాడికి బండ పడిందా? పడే ఉంటుంది కొందరికి. కానీ బండల మీద లెక్క చూస్తే మనం ఎప్పుడూ కాస్త ఆలస్యంగా కృతజ్ఞత చెప్పే జాతేనేమో అనిపిస్తుంది.

గనులు వచ్చాక రాయి పోయి కాగితం వచ్చింది. 1880లో జాన్ టేలర్ కంపెనీ అడుగుపెట్టింది మొదలు ఇక్కడ మనిషికీ కంపెనీకీ మధ్య ఉన్నదంతా నంబరూ, చీటీ, ముద్ర. చిత్తూరు వైపు నుంచి తెలుగువాళ్ళు, ఉత్తర ఆర్కాటు నుంచి తమిళులు వచ్చి దిగారు. పైకి వచ్చేటప్పుడు ఒళ్ళు తడిమి చూసేవారు, బంగారం దాచుకున్నాడేమోనని. 1930లో కూలీలందరూ వేలిముద్ర వేసి పేరు నమోదు చేయించుకోవాలని కంపెనీ అన్నప్పుడు వేలమంది పని మానేసి కూర్చున్నారు. వేలిముద్ర అడగడమంటే నిన్ను దొంగగా చూస్తున్నామని చెప్పడమే అని వాళ్ళకు అర్థమైంది. ఆటోలో కూర్చున్న మా పెద్దాయన ఆ తరంవాడు కాదు గానీ, ఆయన వేళ్ళు మిషను మీద పడకపోతుంటే నాకు ఆ సమ్మె గుర్తొచ్చింది. ఏ వేలిముద్రకోసం కంపెనీ అంత పట్టుపట్టిందో ఆ ముద్రను అదే గని అరగదీసేసింది. గనులు 1956లో ప్రభుత్వానివయ్యాయి, 1972లో భారత్ గోల్డ్ మైన్స్ అయ్యాయి, 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. సుమారు నూట ఇరవై ఏళ్ళలో దాదాపు 800 టన్నుల బంగారం తీసినవాళ్ళ చేతికి చివరికి వచ్చింది మూసివేత కాగితం.

అదే గనిలో మరో రకం కాగితం కూడా పుట్టింది. 1950ల మొదటినుంచే టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ శాస్త్రవేత్తలు కాస్మిక్ కిరణాలను కొలవడానికి ఇక్కడ లోతుకు దిగేవారు. 1965లో, సుమారు 2,300 మీటర్ల అడుగున, వాతావరణంలో పుట్టే న్యూట్రినోల జాడను వాళ్ళు పట్టుకున్నారు. ఇంచుమించు అదే సమయంలో దక్షిణాఫ్రికా బంగారు గనిలో అమెరికన్లూ పట్టారు. మన పత్రం మీద పదకొండు పేర్లున్నాయి. మీనన్, శ్రీకంఠన్, నరసింహం, రమణమూర్తి వంటి మనవాళ్ళు, ఒసాకా జపానువాళ్ళు, డర్హమ్ ఇంగ్లీషువాళ్ళు. కేజి దించినవాడి పేరు ఆ వరసలో ఉండదు, ఉండనక్కర్లేదు కూడా. కానీ శాస్త్రవేత్తలకు ఒక మంచి అలవాటు ఉంది. పత్రం చివర, అంతా అయిపోయాక, చిన్న అక్షరాల్లో ఒక పేరా రాస్తారు, ఎవరి సాయం లేకపోతే ఈ పని జరిగేది కాదో చెప్తూ. పరిశోధన పత్రాలు నాకు ఒక్క ముక్క అర్థం కావు, అయినా ఆ చివరి పేరా మాత్రం వెతుక్కుని చదువుతాను. ఎవరు పేరు పెట్టి చెప్పారు, ఎవరు 'సంబంధిత సిబ్బంది' అని సరిపెట్టారు? అది చూస్తే ఆ ప్రయోగశాలలో టీ ఎలా ఉండేదో కూడా ఊహించొచ్చనిపిస్తుంది. తెలుగులో మన పుస్తకాల ముందు 'కృతజ్ఞతలు' పేజీ ఉన్నట్టే. మన దగ్గర అందులో డి.టి.పి. చేసినవాడి పేరు ఉంటుంది. ఎన్ని తప్పులు చేసినా సరే, ఉంటుంది. ఆ ఆచారం నాకు నచ్చుతుంది.

ఇంతవరకూ వచ్చాక నన్ను ఆపేది మా అక్క బడి. ఆమె ఈ చుట్టుపక్కల ఒక సర్కారు బడిలో టీచరు. అక్కడ మధ్యాహ్నం బిసియూట వండే ఒకావిడ ఉంది. ఒకసారి తనిఖీకి వచ్చిన అధికారి పిల్లలతో కూర్చుని భోంచేసి, సందర్శకుల పుస్తకంలో మామూలుగా రాసే 'సంతృప్తికరం' బదులు మూడు వాక్యాలు రాశాడు. కందిపప్పు మెత్తగా ఉడికిందని, కూరగాయలు అదే రోజు కోసినవని, వంటగదిలో గిన్నెలు బోర్లించి ఉన్నాయని. మా అక్క పొంగిపోయి ఆవిణ్ణి పిలిచి పుస్తకం తెరిచి చదివి వినిపించింది. ఆవిడ కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ శ్రద్ధగా విన్నది. విని, "బాగుండాది మేడం. దీన్నుంచి జీతం ఏమన్నా జాస్తి అవుతాదా?" అన్నది. మా అక్క దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు. ఇది విన్న రోజున మెచ్చుకోలు కాగితం మీద నాకున్న మోజు సగం దిగిపోయింది. ఇవ్వవలసింది ఇవ్వకుండా చప్పట్లు కొట్టడం మన దేశంలో కొత్త కాదు. కరోనా రోజుల్లో బాల్కనీల్లో కొట్టిన పళ్ళేలు ఎవరు మరిచిపోతారు? వీరగల్లు మీద చివరి వాక్యం మడిచెక్క గురించి అని పైన రాశానే, అది ఊరికే వచ్చిన వాక్యం కాదు. అయితే మా అక్క తర్వాత ఇంకో మాట కూడా చెప్పింది. మరుసటేడు కొత్తగా వచ్చిన కమిటీవాళ్ళు ఆవిణ్ణి తీసేసి తమవాళ్ళను పెట్టుకోవాలని చూసినప్పుడు, ఆవిడ నేరుగా హెడ్మాస్టరు గదికి వెళ్ళి ఆ పుస్తకం తీయమన్నదట. పుట ఏదో ఆవిడకు గుర్తుంది. జీతం పెరగలేదు, ఉద్యోగం నిలిచింది. అంటే ఆ కాగితం విలువ ఎంత? నాకు ఇంకా తేలలేదు.

ఇంకో భయం కూడా ఉంది. పైవాడికి రాసే కృతజ్ఞత చూస్తూ చూస్తూనే కాకా పట్టడమవుతుంది. మన సాహిత్యమే దీనికి సాక్షి. అవతారికల్లో కృతిపతుల వంశాన్ని మోసిన పద్యాలు ఎన్ని! అందుకే కృతిని రాజుకివ్వని పోతనను ఇంత కాలం తలచుకుంటున్నాం. మా జిల్లా పెద్దలు కూడా ఈ విషయంలో బిగుసుకున్నవాళ్ళే. ముళబాగిలులో పుట్టిన డి.వి. గుండప్ప, దివాన్ల పనిలో చేసిన సాయానికి వచ్చిన చెక్కులను మార్చుకోకుండా పెట్టెలో పడేశారని, ఆయన పోయాక అవి బయటపడ్డాయని చెప్పుకుంటారు. అప్పటి కోలారు జిల్లాలోని ముద్దేనహళ్ళిలో పుట్టిన విశ్వేశ్వరయ్య, 1955లో భారతరత్న ఇచ్చినప్పుడు, ఈ బిరుదు తీసుకున్నంత మాత్రాన మీ ప్రభుత్వాన్ని పొగుడుతానని అనుకోవద్దని నెహ్రూకు ముందే రాశారని మరో కథ. కథల్లో ఎంత పాలు నిజమో గానీ, మా వైపు ఇవి ఇష్టంగా చెప్పుకుంటారన్నది మాత్రం నిజం. ఎవరికీ రుణపడని మనిషంటే మాకు గౌరవం. అయినా వీళ్ళ పేర్లు చూడండి. విశ్వేశ్వరయ్య ముందు మోక్షగుండం 'ఎం', గుండప్ప ముందు దేవనహళ్ళి 'డి', మైసూరు రాష్ట్రానికి మొదటి ముఖ్యమంత్రి అయిన చెంగలరాయ రెడ్డిగారి ముందు మా క్యాసంబళ్ళి 'కె'. ఎవరికీ థ్యాంక్స్ చెప్పరనుకున్నవాళ్ళు కూడా ఒక ఊరిని జీవితాంతం సంతకంలో మోశారు.

కాబట్టి పైకి రాయడం నేను మానుకున్నాను. పక్కకు రాస్తాను, కిందకు రాస్తాను. నరసాపుర ఫ్యాక్టరీల్లోనూ బెంగళూరు ఆఫీసుల్లోనూ పనిచేసే మా పిల్లలు దీనికి నవ్వుతారు. వాళ్ళకు కంపెనీవాళ్ళే ఒక యాప్ ఇచ్చారట, అందులో ఒకరికొకరు స్టార్లు పంపుకుంటారు, నెలాఖరులో స్టార్లు ఎక్కువైనవాడికి ఒక కూపను. పంపుకోండి నాయనా, వద్దన్నదెవరు! నాకు మాత్రం తెల్లకాగితం, చేతిరాత, ఒకే మనిషి పేరు, చేసిన పని ఒక్కటే. నకలు వాళ్ళ పై అధికారికి. ఆ నకలే అసలు మందు. మనిషికి నేరుగా చెప్పే మంచిమాట ఇంటికి వెళ్ళేలోపు ఆరిపోతుంది, ఫైల్లో పడ్డ కాగితం మాత్రం అవసరానికి బయటికొస్తుంది. ఆ పెద్దాయన చేత కూడా చివరికి అలాగే రాయించాను, డిపాజిటు స్లిప్పు వెనకాల, కొడుకు చేతిరాతతో. అది మా రీజినల్ ఆఫీసుకు వెళ్ళింది. అక్కడ ఏ ఫైల్లో పెట్టాలో తెలియక ఫోను చేసి అడిగారు.

ఇప్పుడు నా బల్ల మీద సగం రాసిన ఉత్తరం ఒకటి ఉంది. మొన్న గాలివానకు మా ఊళ్ళో ట్రాన్స్‌ఫార్మరు దగ్గర ఫ్యూజు పోయింది. సాయంత్రం పోసిన పాలన్నీ పాల సంఘం కూలరులో ఉన్నాయి, జనరేటరు పనిచెయ్యలేదు. రాత్రి పదకొండు దాటాక లైన్‌మ్యాన్ కుర్రాడు ఒక్కడే బైకు మీద వచ్చి, టార్చి నోట కరుచుకుని, పని ముగించి, టీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు. ఇలాంటివాటికోసమే కదా రాసేది! గంట, నిమిషం, వాన, ఒంటరిగా రావడం, వీరగల్లు మీద చెక్కినట్టు అన్నీ పెట్టాను. పంపేముందు పేరు సరిగ్గా రాశానో లేదో కనుక్కుందామని ఫోను చేసి చదివి వినిపించాను. అటువైపు కాసేపు మాట లేదు.

"సార్, టైము రాయొద్దు సార్," అన్నాడు. "లైన్ క్లియర్ తీసుకోకుండా ఎక్కినా. ఒక్కణ్ణే వచ్చినానని కూడా వద్దు, ఇద్దరుండాల రూలు. వానని అసలుకే వద్దు."

మరి ఇంకేం మిగిలింది రాయడానికి? ఒక ఉద్యోగి ఒక రోజు ఒక పని చేశాడు. అలాంటి ఉత్తరం నాకు నచ్చలేదు. నిజంగా చేసిన పనంతా రూలుకు అవతలే ఉంటే, దాన్ని వర్ణించిన ప్రతి మాటా అతని మీద సాక్ష్యమవుతుంది. రాయడం మానేద్దామా అంటే దానికి అతనే ఒప్పుకోలేదు. రాయమనే అన్నాడు. పర్మనెంటు కావలసిన ఏడు ఇది, ఫైల్లో ఒక కాగితం ఉంటే మంచిదేనట.

"పాలు చెడిపోలేదని రాయండి సార్. అంతే చాలు. సంఘం సెక్రెటరీతో కూడా ఒక సంతకం పెట్టించండి, ఎన్ని లీటర్లో ఆయన దగ్గర లెక్కుంటాది."